నూటపదహార్లు

మన స్కూలు పాతవిద్యార్థుల సంచిక కమిటీవాళ్లు మూడోసారి ఫోన్ చేసి, "ఏదో ఒకటి రాయరా, నీకోసం పేజీ ఆపాం" అన్నారు. హాస్టలు సాంబారు, గేటు దూకుడు, వేపచెట్టు దయ్యం ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నా వంతుకి లెక్కల మాస్టారు పాఠంగా చెప్పిన పాతకాలపు ఇంగ్లండు క్రికెటరు వెరిటీ.

బోర్డు కుడి మూల ఏ పీరియడ్‌లోనూ చెరపనివ్వని అంకెలు: 19.4 – 16 – 10 – 10. ఒక ఇన్నింగ్స్‌లో వెరిటీ బౌలింగ్ లెక్క అది: వేసిన ఓవర్లు, ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు (మెయిడెన్లు), ఇచ్చిన పరుగులు, తీసిన వికెట్లు. ఎన్ని బంతులని మాస్టారు అడిగితే "నూటపదహారూ చిల్లర సార్" అన్నదెవరో చెప్పను. వాడిప్పుడు బ్యాంకు మేనేజరు. "నూటపదహార్లా? ఎవరి పెళ్లికి చదివిస్తున్నావురా?" ఓవరుకి ఆరు బంతులు, చుక్క దశాంశం కాదు, దాని తర్వాతది విడి బంతుల లెక్క. పంతొమ్మిది ఆర్లు 114, పైన నాలుగు, మొత్తం 118. పదహారు మెయిడెన్లంటే 96 బంతులకి సున్నా. ఇచ్చిన పది పరుగులూ మిగతా 22 బంతుల్లోనే.

అది 1932 జూలై 12, లీడ్స్‌లోని హెడింగ్లీ. యార్క్‌షైర్ కౌంటీ (ఇంగ్లండు జిల్లా) జట్టు ఎడమచేతి స్పిన్నరు హెడ్లీ వెరిటీ, నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీ మీద పది పరుగులకి పది వికెట్లు. లంచ్‌కి నాటింగ్‌హామ్‌షైర్ 38కి సున్నా వికెట్లు, ఆలౌటయ్యేసరికి 67. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో అంత చవగ్గా పది వికెట్లు మరెవరికీ దొరకలేదు.

పిచ్ సంగతి మాస్టారు కుళాయి కింద చూపించారు. అప్పట్లో మ్యాచ్ మొదలయ్యాక పిచ్ కప్పేవాళ్లు కాదు. వాన తడిపాక ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, అడుగున మెత్తగానే ఉంటుంది. బంతి ఆ పెచ్చులో దిగి, మెలి తిరిగి ఛాతీ ఎత్తుకి లేస్తుంది. మరీ తడిగా ఉంటే మాత్రం జారిపోతుంది, స్పిన్నరుకి ఏమీ రాదు. అలాంటి పిచ్ మీద కొత్తవాళ్లు చేసే తప్పు ఎక్కువ తిప్పాలనుకోవడం. జానెడు తిరిగితే బ్యాటుకి దూరంగా పోతుంది, రెండు వేళ్లు తిరిగితే అంచు తగులుతుంది. వెరిటీ దాదాపు మీడియం పేస్ వేగంతో, ఒకే చోట వేసేవాడు. ముందుకొచ్చి ఆడేంత వ్యవధి ఇచ్చేవాడు కాదు. మా అకాడమీ పిల్లలకి నేను చెప్పేదీ అదే. ఇద్దరు రంజీ దాకా వెళ్లారు, కాబట్టి మాస్టారి కుళాయి నీళ్లు వృథా పోలేదు.

ఆస్ట్రేలియా మేటి బ్యాటరు బ్రాడ్‌మన్‌ని వెరిటీ టెస్టుల్లో ఎనిమిదిసార్లు అవుట్ చేశాడు, అంతకంటే ఎక్కువసార్లు ఎవరూ చెయ్యలేదు. 1934 ఫిబ్రవరిలో మద్రాసు చేపాక్‌లో మన సి.కె. నాయుడుగారి భారత జట్టు మీద 49 పరుగులకి ఏడు వికెట్లు. అదే ఏడాది లండన్ లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద ఒక్కరోజులో పద్నాలుగు వికెట్లు.

రెండో లెక్కలో నేనూ బోల్తాపడ్డాను. 1939 సెప్టెంబరు 1, హోవ్, సస్సెక్స్ మీద ఆరు ఓవర్లు, తొమ్మిది పరుగులు, ఏడు వికెట్లు. ఎన్ని బంతులు? క్లాసంతా "ముప్పయ్యారు!" కాదు, 48. ఆ ఒక్క సీజన్ ఇంగ్లండులో ఓవరుకి ఎనిమిది బంతులు. సస్సెక్స్ 33కి ఆలౌట్. ఆ పొద్దున్నే జర్మనీ పోలండులోకి దిగింది, రెండో ప్రపంచయుద్ధం మొదలు. వెరిటీకి అదే ఆఖరి కౌంటీ మ్యాచ్.

యుద్ధంలో గ్రీన్ హోవర్డ్స్ అనే బ్రిటిష్ సైనిక పటాలంలో కెప్టెనయ్యాడు. పటాలంతో రాంచీ వచ్చి జిగట విరేచనాలతో మంచం పట్టాడు. 1943 జూలైలో సిసిలీ, కతానియా మైదానంలో రాత్రి దాడి. ముందు తన కంపెనీ, చుట్టూ అంటుకున్న గోధుమ చేలు. ఛాతీలో దెబ్బ తగిలి శత్రువుకి చిక్కాడు. జూలై 31న ఇటలీలోని కసెర్తాలో ఖైదీగానే పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు.

ఇది చెప్పిన రోజు మాస్టారు లెక్క ఇవ్వలేదు. బెల్లు కొట్టకముందే వెళ్లిపోయారు.

కమిటీవారికి ఒక మనవి. టెన్త్ గ్రూప్ ఫొటోలో మన వెనక కిటికీలోంచి బోర్డు కనిపిస్తుంది. కుడి మూల కత్తిరించకుండా వెయ్యండి.