రిపోర్ట్ పట్టుకొచ్చినవాళ్ళని "ఎవరి వల్ల?" అని అడక్కండి

నేను హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేస్తుంటా. నిద్ర పట్టట్లేదు, ఆఫీసులో పని మీద ధ్యాస లేదు అని వచ్చేవాళ్ళలో కొందరు రెండు మూడు సెషన్లయ్యాక, సరిగ్గా లేచి వెళ్ళేముందు "ఇంకోటి చెప్పాలి మేడమ్" అంటారు. అప్పుడు బయటికొస్తుంది సెక్స్ ద్వారా అంటుకునే జబ్బు, హెర్పీసో, హెచ్‌పీవీయో, హెచ్‌ఐవీయో. చెప్తూ మన మొహమే చూస్తుంటారు, కాస్త ఇబ్బందిగా కదిలామా అంతే, మళ్ళీ రారు.

అక్కడ మన ఫీల్డ్‌లో చాలామంది నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎవరి వల్ల వచ్చి ఉంటుంది?" గనేరియా, సిఫిలిస్ లాంటివాటికి డాక్టర్ అడిగితే అర్థం ఉంది, పార్ట్‌నర్‌కి కూడా మందులివ్వాలి కాబట్టి. మన గదిలో అదే ప్రశ్న పోలీస్ విచారణలా ఉంటుంది.

ఒక కేసు చెప్తా, గుర్తుపట్టకుండా వివరాలన్నీ మార్చేశా. పెళ్ళయిన కొన్నేళ్ళకి ఆమెకి కింద పుళ్ళొచ్చాయి, అత్తగారు వేడి చేసిందే మజ్జిగ తాగమ్మా అన్నారు, తగ్గక డాక్టర్ దగ్గరికెళ్తే హెర్పీస్ అని తేలింది, ఇంక చూస్కోండి, ఆమెకి ఆయన మీద అనుమానం, ఆయనకి ఆమె మీద, రాత్రిళ్ళు ఒకరి ఫోన్లు ఒకరు చూసుకోవడాలు. ఇద్దర్నీ కూర్చోబెట్టి నేను చెప్పింది సైన్సే. ఈ వైరస్ ఒంట్లో ఏళ్ళ తరబడి ఏ లక్షణం లేకుండా ఉండి ఎప్పుడో మొదటిసారి బయటపడొచ్చు. రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపించినా ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో అది చెప్పలేదు. పెదవి మీద పుండు తెచ్చే టైప్ 1 హెర్పీస్ కూడా ఓరల్ సెక్స్‌తో కింద రావొచ్చు, పైగా ప్రపంచంలో 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు 64 శాతం మందిలో ఈ టైప్ 1 ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. ఆయన మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు, "అంటే పెళ్ళికి ముందుదే అయ్యుండొచ్చా అండీ?" అయ్యుండొచ్చు, ఎవరిదో మాత్రం తేల్చలేం అన్నా. తేల్చలేం అనే మాట ఇద్దరికీ ఊపిరాడేలా చేసిందనిపించింది నాకు.

హెచ్‌ఐవీ దగ్గర కథ వేరు, అక్కడ భయమంతా పెళ్ళి సంబంధాల చుట్టూ. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, రోజూ వాడుతూ, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ టెస్టులో కనిపించని స్థాయిలోనే నిలబడితే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. ఈ సంగతి తెలీని థెరపిస్టులు ఇంకా ఉన్నారు, చిరాకేస్తుంది. తమకి హెచ్‌ఐవీ ఉందని చెప్పాలనుకున్నవాళ్ళతో నేను రిహార్సల్ చేయిస్తా, నేను అవతలి మనిషిలా కూర్చుంటా, వాళ్ళు చెప్పాలి. మొదటిసారి అందరూ "సారీ" తోనే మొదలుపెడతారు. అది తీసేసి, "నాకు హెచ్‌ఐవీ ఉంది, మందులు వాడుతున్నా, నీకు రాదు, కావాలంటే కలిసి డాక్టర్‌ని అడుగుదాం" దాకా రావడానికి టైమ్ పడుతుంది.

మరి పార్ట్‌నర్‌కి మనమే చెప్పేయాలా అంటారు కొందరు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2018 సెప్టెంబర్‌లో అమల్లోకొచ్చింది) దీనికి గట్టి షరతులే పెట్టింది. పార్ట్‌నర్‌కి నిజంగా రిస్క్ ఉండాలి, నువ్వే చెప్పమని క్లయింట్‌కి కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి, అయినా చెప్పరని తేలాలి, నేను చెప్పబోతున్నానని క్లయింట్‌కి ముందే తెలియాలి. చెప్తే భర్త కొడతాడో వదిలేస్తాడో అనే భయం ఉన్న ఆడవాళ్ళ విషయంలో మినహాయింపు కూడా ఉంది. కాబట్టి అక్కలకీ అత్తలకీ ఫోన్ చేసే పెద్దరికం మనకి లేదు.

చివరగా మెడికల్ వైపు. గోడల మీద "గుప్త రోగాలు" బోర్డులు చూసి వేలకి వేలు తగలేసుకుని వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లుంటాయి, సుఖవ్యాధులకి పరీక్ష, మందులు ఫ్రీ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) హెల్ప్‌లైన్ 1097కి కూడా కాల్ చేయొచ్చు. మీ దగ్గర్లోదానికి ముందు మీరే ఒకసారి వెళ్ళి రండి, ఏ బ్లాకు, ఏ గది అని చెప్పి పంపితే క్లయింట్ ఓపీ లైన్లో నిలబడి ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.