మొర్రోనే కొండ మీద గది

ఫిరంగిపురం నుంచి అమ్మ రోముకి నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది ఒకటే: "పవిత్ర ద్వారం చూపించు నాన్నా." రోములో పెద్ద గుడులన్నీ తిప్పాను. ఆ తర్వాత ఆమె ఎన్నడూ పేరు కూడా వినని ఒక పోపుగారి ఊరికి తీసుకెళ్లాను. ఐదో సెలెస్టీన్. ఆయన కథ మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంటి మనిషికి అన్యాయం జరిగినట్టు అనిపించింది.

తిబుర్తీనా బస్టాండులో పొద్దున్నే లాక్విలా బస్సెక్కాం. అక్టోబర్. ఊరు దాటగానే కొండలు మొదలు. దారిలో అమ్మకి కథ చెప్పాను.

1292 ఏప్రిల్‌లో నాలుగో నికొలాస్ పోపు చనిపోయారు. కొత్త పోపుని ఎన్నుకోవాల్సిన కార్డినళ్లు పట్టుమని పన్నెండు మంది. వాళ్లలోనే రోములోని రెండు పెద్ద కుటుంబాల పేరున ఓర్సినీ వర్గం, కొలొన్నా వర్గం. మూడింట రెండు వంతుల ఓట్లు ఎవరికీ రావు, ఎవరూ తగ్గరు. రెండేళ్లు దాటిపోయింది. చివరికి పెరూజాలో సమావేశమైనప్పుడు లాతీనో మలబ్రాంకా అనే పెద్ద కార్డినల్ లేచి, మొర్రోనే కొండ మీద తపస్సు చేసుకునే పియెత్రో అనే వృద్ధుడు దేవుడి కోపం గురించి మనల్ని హెచ్చరిస్తున్నాడని చెప్పి, తన ఓటు ఆయనకేనన్నాడు. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. అది 1294 జులై 5. ఆ పియెత్రోయే ఐదో సెలెస్టీన్ అయ్యాడు.

"వీళ్లకి వీళ్లు తేల్చుకోలేక, కొండ మీద జపం చేసుకునే ముసలాయన్ని లాక్కొచ్చారా?" అంది అమ్మ.

అంతే మరి. అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్లో, ఆ పైనో.

లాక్విలాలో బస్సు దిగేసరికి చలి. గ్రాన్ సస్సో శిఖరం మీద అప్పుడే మంచు పడింది. ఊళ్లో ఇంకా క్రేన్లు కనిపిస్తూనే ఉన్నాయి. 2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున వచ్చిన భూకంపం ఇక్కడ మూడు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. కొల్లెమాజ్జో గుడి ఊరి అంచున, పచ్చిక మైదానం చివర ఉంది. తెలుపు, గులాబీ రాళ్లు కలిపి పేర్చిన ముఖభాగం. పెద్ద ముగ్గేసిన వాకిలిని నిలబెట్టినట్టు ఉంటుంది. కట్టించింది పియెత్రోయే, పోపు కాకముందు. 1294 ఆగస్టు 29న ఆయన కిరీటధారణ కూడా రోములో కాదు, ఇక్కడే. గుర్రం వద్దని గాడిదెక్కి ఊళ్లోకి వచ్చాడు. నేపుల్స్ రాజు రెండో చార్లెస్, ఆయన కొడుకు చెరో పక్కన కళ్లెం పట్టుకుని నడిచారు.

ఆ సందర్భంలోనే ఒక వరం ఇచ్చాడు. ఏటా ఆగస్టు 28 సాయంత్రం నుంచి 29 సాయంత్రం దాకా, పశ్చాత్తాపపడి పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని, ఈ గుడిలో అడుగుపెట్టిన వాళ్లకి పాపఫలంగా పడే శిక్ష అంతా మాఫీ. అప్పట్లో అలాంటి పూర్తి మాఫీ ముఖ్యంగా క్రూసేడు యుద్ధాలకి వెళ్లేవాళ్లకి దక్కేది. ఈయన డబ్బడగలేదు, కత్తి పట్టమనలేదు. రోములో మొదటి జూబిలీ, అంటే అలాంటి మాఫీ ఇచ్చే పవిత్ర సంవత్సరం, జరిగింది ఆరేళ్ల తర్వాత, 1300లో. తర్వాత వచ్చిన పోపు ఈ శాసనాన్ని రద్దు చేసి పత్రం తెచ్చివ్వమంటే లాక్విలా జనం ఇవ్వలేదు, దాచుకున్నారు. ఆ జనం అంటే నాకు గౌరవం.

ఆ మాఫీ కోసం జనం దాటే పవిత్ర ద్వారం ఉత్తరం గోడకి ఉంది. అది మూసే ఉంది. ఆగస్టులో ఆలివ్ కొమ్మతో మూడుసార్లు తట్టి తెరుస్తారు. మేం వెళ్లింది అక్టోబర్‌లో. ఆ సంగతి అమ్మకి ముందే చెప్పాను. అయినా ఆమె కొంగు తల మీదికి లాక్కుని, మూసిన చెక్క తలుపుకి అరచెయ్యి ఆనించి, జపమాల మొత్తం అక్కడే నిలబడి చెప్పుకుంది.

లోపల అద్దాల పేటికలో సెలెస్టీన్ ఉన్నాడు, ముఖం మీద వెండి తొడుగుతో. భూకంపంలో కప్పు కూలితే అగ్నిమాపక సిబ్బంది ఆ దేహాన్ని శిథిలాల్లోంచి బయటికి తెచ్చారు. అదే నెలలో పదహారో బెనెడిక్ట్ పోపుగారు వచ్చి, పోపు పదవికి గుర్తుగా మెడలో వేసుకునే తన ఉన్ని పట్టీని ఆ పేటిక మీద పెట్టారు. నాలుగేళ్లకి, 2013లో, సెలెస్టీన్ లాగే ఆయన కూడా తన పదవి వదులుకున్నారు.

మర్నాడు రైల్లో సుల్మోనా వెళ్లాం. ఊరి బయట మొర్రోనే కొండ, కొండ వాలులో సాంత్ ఒనోఫ్రియో ఆశ్రమం. కింద నుంచి రాళ్ల దారి. అమ్మ మోకాళ్లతో ఎక్కలేదేమోనని భయపడ్డాను. చెయ్యి పట్టుకోనివ్వలేదు. నాలుగు చోట్ల కూర్చుని, అయిదోసారి లేచి, ఎక్కేసింది.

లోపల చిన్న ప్రార్థనాలయం, పక్కన ఒక మనిషి పట్టే గది. గోడల మీద మాసిపోయిన బొమ్మలు. 1294 జులైలో కార్డినళ్లు పంపిన పెద్దలు ఈ కొండే ఎక్కి, చువ్వల కిటికీ వెనక నుంచి చూస్తున్న ముసలాయనకి "మీరే పోపు" అని చెప్పారు. ఆయన ప్రార్థన చేసుకుని, సరేనన్నాడు.

ఆయన పాలన ఐదు నెలలు చిల్లర. దాన్ని నేను గొప్పగా చెప్పను. రాజు ఆయన్ని నేపుల్స్‌లో తన కోటలోనే ఉంచుకున్నాడు. సెప్టెంబర్‌లో పన్నెండు మంది కొత్త కార్డినళ్లని చేస్తే అందులో ఏడుగురు ఫ్రెంచివాళ్లు, అంటే ఫ్రెంచి వంశపు ఆ రాజు మనుషులు. ఒకే పదవిని ఇద్దరు ముగ్గురికి రాసిచ్చిన ఉత్తర్వులూ ఉన్నాయంటారు. ఆయన మాత్రం కోటలో ఒక చెక్క గది కట్టించుకుని అందులో కూర్చునేవాడు. కానీ ఒక పని చేశాడు. కార్డినళ్లని లోపల పెట్టి, తేల్చేదాకా బయటికి వదలకూడదన్న పదో గ్రెగరీ చట్టం అటకెక్కి ఉంటే, దాన్ని మళ్లీ అమల్లోకి తెచ్చాడు. తనని కొండ దించిన ఆ రెండేళ్ల జాప్యం మళ్లీ రాకూడదని ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? డిసెంబర్ 13న తన రాజీనామా తనే చదివి, పోపు వస్త్రాలు విప్పేశాడు. పిరికితనమని అన్నవాళ్లున్నారు. ఆ కిటికీ దగ్గర నిలబడితే నాకు ఆ మాట నమ్మాలనిపించలేదు.

డిసెంబర్ 24న కార్డినల్ బెనెదెత్తో కయెతానీ ఎనిమిదో బోనిఫేస్ పోపు అయ్యాడు. పాత పోపు బతికుంటే ఎవరైనా ఆయన్ని ముందు పెట్టుకుని చీలిక తెస్తారని భయం. ముసలాయన తప్పించుకుని ఈ కొండకే వచ్చాడు. ఇక్కడా ఉండనివ్వకపోతే సముద్రం దాటబోయి వియెస్తేలో దొరికిపోయాడు. ఫుమోనే కోటలో ఇరుకు గదిలో పెట్టారు. 1296 మే 19న అక్కడే పోయాడు. 1313లో పునీతుడిగా ప్రకటించారు.

"ఫుమోనే రోముకి దగ్గరేనమ్మా. రేపు కారు మాట్లాడనా?"

అమ్మ కిటికీ దగ్గర రాతి అరుగు మీద కూర్చుని ఉంది. కింద లోయంతా ఎండ.

"వద్దు నాన్నా. ఆయన్ని కట్టేసిన చోటు నేను చూడను. ఇక్కడే ఇంకాసేపు కూర్చుందాం."

నీళ్ల సీసా ఆమెకి అందించి, గడప మీద కూర్చున్నాను.