ఆ మాట తెలుగులో అడగడానికి నాలుగుసార్లు పట్టింది

బెంగళూరు మారతహళ్లిలో అమ్మాయిల పీజీ నడుపుతున్నాను. సగం మంది మన తెలుగు పిల్లలే. నిరుడు ఒకమ్మాయి మూడు వారాలు గది దాటి రాకపోతే ఆఫీసు టెన్షన్ అనుకుని ఊరుకున్నాను. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిన రోజు గానీ ఎంత నలిగిపోయిందో తెలియలేదు. ఆ బాధతోనే మానసిక ప్రథమ చికిత్స శిక్షణలో చేరాను. రెండు శనివారాలు, మొత్తం 12 గంటలు.

ఈ శిక్షణ 2000లో ఆస్ట్రేలియాలో మొదలైందట. మొదలుపెట్టినవాళ్లు బెటీ కిచెనర్, టోనీ జోర్మ్ దంపతులు. బెటీ స్వయంగా డిప్రెషన్ అనుభవించిన మనిషి. వైద్యం చేయడం మన పని కాదు, వైద్యం అందేదాకా మనిషికి తోడుండాలి, అంతే.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని గట్టిగా నమ్మేదాన్ని. అది తప్పని మొదటిరోజే చెప్పారు. సూటిగా అడిగితే, లోపల దాచుకున్నవాళ్లకి చెప్పుకునే వీలు దొరుకుతుంది. క్లాసు ఇంగ్లీషులో, కొంత కన్నడంలో. ఇంగ్లీషులో ఆ ప్రశ్న గడగడా అడిగేశాను. తెలుగులో అడగమంటే మాత్రం నోరు పెగల్లేదు. తథాస్తు దేవతలుంటారే అంటూ మా అమ్మ అశుభం మాట పలకనిచ్చేది కాదు. నా ఎదురుగా చిత్తూరు టీచరమ్మ ఆపదలో ఉన్న మనిషిలా కూర్చుంది. "పిచ్చి ఆలోచనలేమైనా వస్తున్నాయా?" అన్నాను. ట్రైనర్ ఆపారు: అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారు, పైగా పిచ్చి అన్న మాట గుచ్చుకుంటుంది. నాలుగోసారికి అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

వినడం కూడా నాకు రాదని అక్కడే తెలిసింది. "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" అని మనం ఓదార్పుగానే అంటాం. వినేవాళ్లకి మాత్రం అది ఇంకో నేరం మోపినట్టుంటుంది.

రెండు నెలలకి, ఒక రాత్రి పదకొండింటికి, కర్నూలు అమ్మాయి డాబా మెట్ల మీద కనిపించింది. అన్నం ముట్టలేదు. తన పుస్తకాలు, మంచి చీరలు పక్క గదివాళ్లకి ఇచ్చేసిందని సాయంత్రమే విన్నాను. శిక్షణలో చెప్పిన గుర్తుల్లో అదొకటి. పక్కన కూర్చుని ఆ ప్రశ్నే అడిగాను. చాలాసేపటికి "అవునాంటీ" అంది. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నావా అని కూడా అడగాలి. అడిగాను. ఇంకా లేదంది. తర్వాత గంటన్నర నేను దాదాపు ఏమీ మాట్లాడలేదు.

ఆమె సరేనన్నాక టెలి మానస్‌కి, 14416కి, ఫోన్ కలిపాను. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, రాత్రీపగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు ఎంచుకోవచ్చు. అవతల మాట్లాడినావిడ తెలుగు వినగానే ఆ పిల్ల బోరున ఏడ్చింది. వాళ్లన్నయ్యకి తనే ఫోన్ చేసింది. ఆ రాత్రి నా గదిలోనే పడుకోబెట్టాను.

తెల్లారి అన్నయ్య బస్సు దిగి నేరుగా వచ్చాడు. ముగ్గురం ఆటోలో హోసూరు రోడ్డు మీది మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి వెళ్లాం. వరుసలో కూర్చున్నప్పుడు "ఇడ్లీ ఏమైనా దొరుకుతుందా ఆంటీ?" అని అడిగింది.