ఫ్లోరైడే అనుకుని వదిలేయలేకపోయాను

పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్ దగ్గర మా బత్తాయి తోట. పక్కనే ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది, మూతపడి చాలా ఏళ్లయింది. దాని గోడ పక్కనున్న మా బోరు నీళ్లు బకెట్లో పడితే ముక్కుకు ఘాటు తగిలేది. "మన నల్లగొండ నీళ్లే అంత బిడ్డా, ఫ్లోరైడ్" అనేవాడు నాయిన. ఫ్లోరైడ్‌కు వాసన ఉండదు కదా!

మొదట కూల్‌డ్రింక్ సీసా కడిగి, నీళ్లు నింపి హైదరాబాద్ ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. తీసుకోలేదు. ఫ్యాక్టరీల్లో రసాయనాలు కరిగించడానికి వాడే ద్రావకాలైతే గాలిలోకి ఎగిరిపోతాయట, కొంత ప్లాస్టిక్కే పీల్చుకుంటుందట.

తర్వాత ల్యాబ్ మనిషే వచ్చాడు. మోటారు వేసి, నీళ్లలో పెట్టిన మీటరు అంకె నిలకడకు వచ్చేదాకా నీళ్లు వదిలేశాడు. 40 మిల్లీలీటర్ల గాజు సీసా అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టాడు. ఆవగింజంత బుడగ తేలింది. ద్రావకం ఆ గాలిలోకి చేరుతుందని ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. లోహాల పరీక్షకు వేరే సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేశాడు. అన్నీ ఐస్ పెట్టెలోకి. గోడ వెంట తెల్లగా పొరకట్టిన చోట పైమట్టి ఒక సంచిలో, కింది మొరం ఇంకో సంచిలో.

ఎగువనున్న బోరుకు కూడా చేయిద్దామన్నాడు. ఖర్చని వద్దనబోయాను. వద్దని ఉంటే ఏమీ తేలేది కాదు. రిపోర్టులో ఫ్లోరైడ్ రెండు బోర్లలోనూ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. అది మా గ్రానైటు రాయి ఇచ్చింది, నాయిన మాట అంతవరకు నిజమే. క్లోరోబెంజీన్ అనే ద్రావకం మాత్రం గోడ పక్క బోరులోనే ఉంది. అది రాయిలోంచి రాదు.

రిపోర్టు జతచేసి, 2025లో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నియమాలను ప్రస్తావిస్తూ కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

నా టెన్షనంతా కింది చేను అన్న గురించి. గ్రానైటులో నీళ్లు పగుళ్ల వెంట పోతాయి, దగ్గరి బోరు బాగుండి దూరపుది పాడవచ్చు. ఆయన ఇంటిల్లిపాదీ చేను దగ్గరే ఉంటారు, ఆ బోరు నీళ్లే తాగుతారు. "పరీక్ష అంటే భూమి రేటు పడిపోతది తమ్మీ" అని రెండు నెలలు ఒప్పుకోలేదు. మనవరాలికి ఏడాదిన్నర. మొన్న ఆయనే పిలిచి మోటారు వేశాడు.

ఆ రిపోర్టు వచ్చేదాకా ఊళ్లో భగీరథ నల్లా దగ్గర పట్టి, రోజూ రెండు క్యాన్లు బండి మీద ఇచ్చి వస్తున్నాను.