షార్ట్ బాటిల్ పెట్టాక బుల్లెట్‌తో నేను పడిన పాట్లు

నాయన వాడిన పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడితే, షార్ట్ బాటిల్ (సీసా ఆకారంలో ఉండే పొట్టి సైలెన్సర్) పెట్టించాను. లోపల శబ్దం తగ్గించే బాఫిల్ మాత్రం తీయనివ్వలేదు. వారం తిరక్కుండానే అమ్మను ఎక్కించుకుని తిరుమలకు పోయాను. సగం కొండ ఎక్కేసరికే ఇంజిన్ కాక కాళ్ళకు తగిలింది, లాగుడు తగ్గింది. దిగేటప్పుడు ఇంకా ఘోరం. 1944 నాటి ఆ పాత ఘాట్‌రోడ్డులో యాక్సిలరేటర్ వదిలేసి గేరు మీదే దిగుతాం కదా, మలుపు మలుపుకూ సైలెన్సర్లో టప్‌టప్‌మని పేలుళ్ళు. అమ్మ నా భుజం వదల్లేదు.

ఇంటికొచ్చి స్పార్క్ ప్లగ్ విప్పితే మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. కొత్త సైలెన్సర్ పొగను సులువుగా వదిలేస్తుంది, పెట్రోలు కొలత మాత్రం పాతదే. దానికి తోడు ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది కాలడానికి గాలి తక్కువ చాలు కాబట్టి, పెట్రోలు కొలిచి వదిలే అదే జెట్‌తో మిశ్రమం ఇంకా పలచనవుతుంది.

సరే అని, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ ఒక చుట్టు బయటికి తిప్పాను. నా ముందు బండికి అలా తిప్పితే పెట్రోలు పెరిగేది. దీనికి పేలుళ్ళు రెట్టింపయ్యాయి. రెండు రోజులు అలాగే తిప్పుతూ కూర్చుని, చివరికి బుల్లెట్లు తప్ప వేరే బండి ముట్టని మేస్త్రి దగ్గరికి పోయాను. ఆయన వంగి చూసి, "అది గాలి స్క్రూ నాయనా. ఫిల్టర్ పక్కనుంటే గాలిది, ఇంజిన్ పక్కనుంటే పెట్రోలుది. నువ్వు విప్పేకొద్దీ గాలే ఎక్కువ పోతా ఉండాది" అన్నారు.

ఆయన ముందు కార్బొరేటర్ జోలికే పోలేదు. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పోయే బెండు పైపు జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లి ఇంజిన్ స్టార్ట్ చేయమన్నారు. సైలెన్సర్ క్లాంపు దగ్గర బుడగలు, అంటే అక్కడ లీకుంది. అక్కడ లోపలికి లాగిన గాలే, కాలకుండా వచ్చిన పెట్రోలును సైలెన్సర్లో అంటిస్తోంది. క్లాంపు మార్చి బిగిస్తే సగం పేలుళ్ళు అక్కడే ఆగాయి. ఇది చూడకుండా జెట్లు కొనడం డబ్బులు పారేయడమే.

తర్వాత నీడిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ పైకి లేచి పెట్రోలు దారి తెరిచే సూది. అందరూ ముందు మెయిన్ జెట్ మారుస్తారు గానీ, అది పని చేసేది యాక్సిలరేటర్ ముప్పావు దాటాకే. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఎవరు అంత తిప్పుతారు? పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌దే పెత్తనం. దాన్ని పట్టి ఉంచే క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఆ ఒక్క గాడితో లాగుడు తిరిగొచ్చింది.

మెయిన్ జెట్ మాత్రం నా తొందరకొద్దీ పది నంబర్లు పెద్దది వేశాను. తెల్లవారుజామున చంద్రగిరి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మూడో గేరులో ఫుల్‌గా తిప్పి, క్లచ్ పట్టి, అక్కడే ఇంజిన్ ఆపి ప్లగ్ చూశాను. నల్లటి మసి, అంటే పెట్రోలు ఎక్కువైంది. ఐదు నంబర్లు పెద్దదానికి దిగితే కాఫీ పొడి రంగొచ్చింది, ఉండాల్సింది అదే.

చివరగా ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజిన్ తిరగడం. బండి బాగా వేడెక్కాక గాలి స్క్రూను మెల్లగా లోపలికంటా బిగించి, ఒకటిన్నర చుట్లు విప్పి, అక్కణ్ణుంచి పావు పావు చుట్టు తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ వేగంగా తిరుగుతుందో వింటూ పోయాను. నాకు చుట్టుంపావు దగ్గర కుదిరింది.

మళ్ళీ అమ్మతోనే కొండకు పోయాను. పైన గాలి పలచనై పెట్రోలు పాలు ఎక్కువవుతుంది కాబట్టి ఐడ్లింగ్ కాస్త బరువుగా ఉంది, అయినా స్క్రూ ముట్టుకోలేదు. ఆ బండి తిరిగేది కింద తిరుపతిలో. దిగేటప్పుడు మొత్తానికి రెండుసార్లు పేలిందేమో. అమ్మ వెనక కూర్చుని గోవిందనామాలు చదువుకుంటోంది, ఒక్కో నామమూ నాకు స్పష్టంగా వినిపించింది.