గుమ్మం ముందు మొదటి మాట ఎవరిది?

మానసిక సంక్షోభంలో ఉన్న కొడుకు కత్తి తీసుకుని గదిలో గడియ పెట్టుకున్నాడని అత్యవసర నంబరుకు ఫోన్ చేసే తల్లి కోరుకునేది అతని ప్రాణం నిలబడాలని మాత్రమే. చాలా చోట్ల ఆ పిలుపుకు వచ్చేది పోలీసులు మాత్రమే. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో, కత్తితో తనను తాను గాయపరచుకుంటున్న ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ మరుసటి ఏడాది అక్కడ కొందరు పోలీసులకు మానసిక సంక్షోభాల విషయమై 40 గంటల శిక్షణ ప్రారంభమైంది. అది అవసరమైన పనే. అయితే శిక్షణ పొందిన పోలీసు వేరు, అతని పక్కన నిలబడిన సైకియాట్రిక్ నర్సు, అంటే మానసిక రోగుల సంరక్షణలో శిక్షణ పొందిన నర్సు, వేరు.

చెవిలో ఎవరివో గొంతులు వినిపిస్తున్న మనిషికి, బయటి నుంచి ఇద్దరు ముగ్గురు ఒకేసారి "కత్తి కింద పడెయ్" అని అరిస్తే ఆ మాట అర్థం కావడానికే సమయం పడుతుంది. ఆ ఆలస్యం పోలీసు కంటికి ధిక్కారంగా కనిపిస్తుంది. నర్సు దూరంగా నిలబడి, ఒక్క గొంతుతో, ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో, మందులు ఎప్పుడు మానేశారో అడుగుతుంది. జవాబును బట్టి ఆసుపత్రి అవసరమా, ఇంట్లోనే కుదుటపడతాడా అన్నది తేలుతుంది. కెనడాలోని వాంకూవర్‌లో పోలీసు, నర్సు ఒకే వాహనంలో వెళ్లే ‘కార్ 87’ ఏర్పాటు 1978 నుంచీ ఉంది. ఇంగ్లండ్‌లో మానసిక ఆరోగ్య చట్టంలోని ‘సెక్షన్ 136’ కింద ఒక మనిషిని అదుపులోకి తీసుకునే ముందు, వీలైనంత వరకు వైద్యునినో నర్సునో సంప్రదించాలని 2017 నుంచి చట్టమే చెబుతోంది.

నన్ను కలవరపెట్టేది ఈ పోలీసు-నర్సు జంట చేరుకునే వేళ. గస్తీ వాహనం ముందే వచ్చి, అరుపులు అయిపోయి, చేతులకు బేడీలు పడ్డాక వచ్చిన నర్సు చేయగలిగేది చాలా తక్కువ. పగటి వేళల్లోనే పనిచేసే జంట అర్ధరాత్రి పిలుపుకు అసలే అందదు. ఆయుధం గాని, ఇతరులకు ప్రమాదం గాని లేని చోటికి పోలీసు వెళ్లనవసరమే లేదని నా అభిప్రాయం. అమెరికాలోని డెన్వర్‌లో 2020 నుంచి అటువంటి పిలుపుల్లో కొన్నింటికి వైద్య సిబ్బంది, మానసిక ఆరోగ్య నిపుణులే వెళుతున్నారు. కత్తి ఉన్న గదికి మాత్రం ఇద్దరూ వెళ్లాలి. పోలీసు చుట్టూ ఉన్నవారి భద్రత చూసుకుంటూ వెనుక నిలబడాలి, తలుపు అవతలి మనిషిని పేరు పెట్టి పిలిచే మొదటి గొంతు నర్సుదై ఉండాలి.