నార్త్‌వర్డ్స్ అంటే ఏ దిక్కు?

కాజీపేట జంక్షన్‌లో బండి కోసం ఎదురుచూస్తుండగా, మా మేనకోడలు ‘నార్త్‌వర్డ్స్’ అంటే ఏమిటని అడిగింది. ‘ఉత్తరాన’ అని చెప్పబోయి ఆగాను. ఎందుకంటే ఆ మాట ఉనికిని కాక, ఉత్తరం వైపుగా సాగే కదలికను సూచిస్తుంది, గమ్యం ఏదో చెప్పదు. మంచిర్యాల కాజీపేటకు ఉత్తరాన ఉందనడానికి అది పనికిరాదు గాని, రామగుండం దాటి గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల చేరే బండి నడకకు చక్కగా సరిపోతుంది. ‘ఉత్తరాభిముఖంగా’ అంటే కదలని ఇల్లు గుర్తుకొస్తుంది. అయితే ‘వర్డ్’ అనే ఆ పాత ఇంగ్లీషు ప్రత్యయానికి మూలార్థం ‘తిరిగి ఉన్న’ అనే కావడం విచిత్రం. నా మటుకు మన వాడుకలోని ‘ఉత్తరం దిక్కు పోతున్నది’ అన్నదే సరైన అనువాదం. చివరి ‘స్’ను క్రియావిశేషణానికి బ్రిటిష్ వారు ఎక్కువగా చేరుస్తారు, అమెరికన్లు తరచుగా వదిలేస్తారు, విశేషణానికి మాత్రం చేర్చరు.